రన్నింగ్‌ఇన్ బావగారు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈమధ్య కొత్తగా తేలిన మనుషుల్లో రన్నింగ్‌ఇన్ బావగారు ఒకరు. ఆయన్ని పోల్చుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. హైవే మీద ఎడమ పక్కన గడ్డి ట్రాక్టరు పోతూ ఉంటుంది. దాని వెనకాల, దాన్ని దాటే ఉద్దేశం ఏ కోశానా లేకుండా, రెండే తలుపులున్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి నలభైలో పోతూ ఉంటుంది. పల్లెవెలుగు బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంది. టీవీఎస్ ఎక్సెల్‌కి చేపల బుట్ట కట్టుకున్నాయన కూడా దాటిపోతాడు. లోపలి మనిషి అందరికీ చెయ్యి ఊపి దారి ఇస్తారు. బావగారంటే ఆయనే. మావైపు బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. ఈయన పక్కన మాత్రం ఒక్కరికే చోటు.

డబ్బెక్కడిదని మావాళ్ళెవరూ అడగరు, అందరికీ తెలుసు కనక. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రాయి పడినప్పుడల్లా చుట్టుపక్కల నేల ధర లేచింది. బావగారి తండ్రి జీడిమొక్కలు వేసుకున్న ఇసక చెక్క ఒకటి ఆ చుట్టుపక్కలే ఉంది. మొదటి రాయికి బావగారు ఇంటి మీద ఇంకో అంతస్తు వేసేరు. రెండో రాయికి కారు మాట ఎత్తేరు.

ఇంట్లో ఏడుగురు. పిల్లలు ఇన్నోవా అన్నారు. అక్కయ్యగారు ఏదైనా ఫరవాలేదు గాని సామాను పట్టాలన్నారు. అందరి మాటా విని ఆయన బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నారు. సీట్లు రెండు. పేరుకి జర్మనీ బండే గాని తయారయ్యేది ఆస్ట్రియాలో, గ్రాజ్ అనే ఊళ్ళో. మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, 340 హార్స్ పవర్. ఆగి ఉన్న బండి వంద అందుకోడానికి అయిదు సెకన్లు కూడా పట్టదు. ఇది కంపెనీ లెక్క. బావగారి చేతికి వచ్చేక ఆ బండి వంద మొహం చూడలేదు.

డెలివరీకి విశాఖ షోరూముకి అందరూ వెళ్ళేరు. కారు మీద పట్టుగుడ్డ కప్పి ఉంచి, కేకు కోయించి, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీసేరు. అసలు తాళం జేబులో పెట్టుకుని, బావగారు ఆ అట్ట తాళాన్ని కూడా పట్టుకెళ్తానన్నారు. ఇవ్వం అన్నారు వాళ్ళు. ఇంత డబ్బు పోసి కొన్నవాడికి అట్టముక్క ఇవ్వలేరా అని కాసేపు వాదన జరిగింది. చివరికి కేకు మిగిలింది ఇచ్చేరు.

తరవాత అసలు సమస్య వచ్చింది. పక్క సీట్లో ఎవరు? అక్కయ్యగారు ఆల్రెడీ పట్టుచీరలో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. బావగారి తల్లి, ముసలావిడ, ఏమీ అనలేదు, చేతిసంచీ మాత్రం తీసి సీట్లో పెట్టేరు. బావగారి బావమరిది సెల్లు ఎత్తి వీడియో తీయాలి కనక ముందు తనే ఎక్కాలన్నాడు. ఇలా కాదని బావగారు స్టేజీలు పెట్టేరు. ఆనందపురం దాకా అక్కయ్యగారు, అక్కణ్ణించి తగరపువలస దాకా ముసలావిడ, తగరపువలస నించి భోగాపురం దాకా బావమరిది. మిగిలినవాళ్ళు వెనక రెండు బొలేరోల్లో. ముందు ఎర్ర కారు, వెనక బొలేరోలు, అన్నీ నలభైలోనే. దారిలో టీ దుకాణాలవాళ్ళు పెళ్ళికొడుకు ఊరేగింపనుకుని లేచి నిలబడ్డారు.

ఆనందపురంలో ముసలావిడ ఎక్కడం చూసి తీరాలి. సీటు ఇంకా పైన ఉంటుందనుకుని ఆవిడ కూర్చోబోయేరు. కిందికి, ఇంకా కిందికి వెళ్ళి ఎక్కడో ఆగేరు. "ఇదేట్రా బావూ! ఇన్ని లచ్చలు పోసి కొన్నావు, కుర్చీ ఇవ్వనేదా? నేల మీద కూకున్నట్టుంది" అన్నారు. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. తగరపువలసలో మనవలిద్దరు చెరో చెయ్యీ పట్టి లాగితే గాని ఆవిడ బయటికి రాలేదు. వచ్చీ రాగానే బొలేరో ఎక్కి, "ఇది బండి" అన్నారు.

భోగాపురం దగ్గర బావగారు తన నేల ఎదురుగా ఆగి, టాపు తీసి, నేలకి కారుని, కారుకి నేలని చూపించేరు. ఆ గుడ్డ టాపు పది సెకన్లలో తెరుచుకుంటుంది. బండి నడుస్తూండగా కూడా తీయొచ్చు, కాకపోతే వేగం 50 లోపుండాలి. ఆ ఇబ్బంది బావగారికి ఎప్పుడూ రాలేదు. టాపు తీసేక విమానాశ్రయం వైపు వెళ్ళే టిప్పర్లు నాలుగు దాటేయి. నాతవలస టోల్‌గేటు చేరేసరికి కారు లోపల, బయట ఒకే రంగు.

నాతవలసలో ఎడమకి తిరిగి విజయనగరం వచ్చేరు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి ముందు పూజ. బోనెట్ మీద పసుపు కుంకాలు, చక్రాల కింద నిమ్మకాయలు, బూడిదగుమ్మడికాయ, అంతా యథావిధిగా జరిగింది. ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయల దండ కట్టేక గాని తెలీలేదు, కారు ఎంత కిందకుందో. దండ నేల మీద ఈడుస్తోంది. కోట దాకా వెళ్ళేసరికి మిరపకాయలన్నీ అరిగి తొడిమలు మిగిలేయి. దిష్టి దిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నారు బావగారు.

మర్నాడు ఆదివారం, అరసవల్లి. సూర్యనారాయణమూర్తి గుడికి కొత్త బండి తీసుకెళ్ళకుండా శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ బండి కొన్నట్టు లెక్క కాదు. పూజ చేసినాయన కారు చుట్టూ తిరిగి చూసి, "ఎన్ని గుర్రాల బండి?" అని అడిగేరు. "మూడొందల నలభై" అన్నారు బావగారు, కొంచెం గొంతు పెంచి. "స్వామికి ఏడే. రోజూ టైముకి వచ్చీస్తున్నారు" అని ఆయన హారతి పళ్ళెం ముందుకి చాపేరు.

ఇక రన్నింగ్‌ఇన్ సంగతి, అంటే కొత్త బండిని కొన్నాళ్ళు మెల్లగా తోలి ఇంజనుని సర్దుకోనివ్వడం. ఈ జబ్బు బావగారికి తండ్రి నించి వచ్చింది. ఆయనకి బజాజ్ చేతక్ ఉండేది. ఏళ్ళ తరబడి బుకింగులో ఉండి తెచ్చుకున్న స్కూటరు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకునే రోజులు. కొత్తలో నలభై దాటితే ఇంజను పట్టేస్తుందని ఆయన మీటరు మీద నలభై దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నారు. ఆ గీత స్కూటరు అమ్మేదాకా ఉంది. కొన్నవాడు కూడా చెరపలేదని విన్నాను. అప్పట్లో ఆ భయానికి అర్థం ఉంది. సిలిండరు లోపలి గోడలు, పిస్టన్ రింగులు అంత నున్నగా ఉండేవి కావు, ఒకదానితో ఒకటి రాసుకుని సర్దుకోవాలి. ఇంగ్లండులో అయితే కొత్త కారు వెనక అద్దానికి 'రన్నింగ్‌ఇన్‌లో ఉంది, దయచేసి దాటి వెళ్ళండి' అని కాగితం అంటించుకునేవారు. బావగారికి ఈ ముక్క చెప్పి తప్పు చేశానని అనను గాని, మర్నాటికల్లా కారు వెనక అద్దం మీద అది తెలుగులో ప్రత్యక్షమైంది. కింద 'పైడితల్లి అమ్మ దీవెనలతో' అని కూడా ఉంది.

కంపెనీ పుస్తకం కూడా రన్నింగ్‌ఇన్ చెయ్యమనే అంటుంది. మొదటి 2000 కిలోమీటర్ల దాకా ఇంజనుని నిమిషానికి 4500 చుట్లు దాటించొద్దంటుంది. కొత్త టైర్లు 300 కిలోమీటర్ల దాకా రోడ్డుని సరిగ్గా పట్టుకోవు, బ్రేకులు 500 తరవాత గాని పూర్తిగా పనిలోకి రావు, కనక జాగ్రత్త అంటుంది. ఇంకోటి కూడా అంటుంది: వేగం 160 దాటించొద్దు. ఇది చదివి బావగారు పుస్తకం మూసేశారు. మన జాతీయ రహదారి మీద కారుకి ప్రభుత్వం రాసిచ్చిందే వంద. అందులో ఆవులకి, అడ్డరోడ్లకి, ఎదురొచ్చే ఆటోలకి తీసీగా మిగిలేది అరవై. నూట అరవై వద్దని చెప్పడమేమిటి, మనకి లేనిది మనం ఎలా మానేస్తాం? పుస్తకం రాసినవాడు రణస్థలం రాలేదని ఆయన తీర్మానం.

అసలు చిక్కేమిటంటే, ఇంజను పని తెలిసినవాళ్ళు చెప్పేది వేరు. ఒకే వేగంలో ముక్కుతూ పోతే రింగులు గోడకి సరిగ్గా ఆనవు. మరీ బరువు పెట్టకుండా, మరీ నిమరకుండా, వేగం మారుస్తూ తోలాలి. లోపల మండే గ్యాసు ఒత్తిడికే రింగులు బయటికి నొక్కుకుని గోడతో సర్దుకుంటాయి. ఈ మాట విశాఖ మెకానిక్ చెప్తే బావగారు శ్రద్ధగా విన్నారు. అప్పణ్ణించి వేగం మారుస్తున్నారు: ముప్ఫై అయిదు, నలభై.

స్పీడు బ్రేకర్ల దగ్గర ఆయన పద్ధతి వేరే. బ్రేకరుకి పది గజాల ముందు ఆగుతారు. అక్కయ్యగారు దిగుతారు. కారు అడ్డంగా, ఒక్కొక్క చక్రం చొప్పున ఎక్కి దిగుతుంది. ఆవిడ నడిచి దాటి మళ్ళీ ఎక్కుతారు. ఎచ్చెర్ల నించి వాళ్ళ పుట్టింటికి వెళ్ళిన రోజున సగం దారి తను నడిచే వెళ్ళేనని ఆవిడ అంటారు. ఆ దారిలోనే మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. మామూలు కార్లు గింజల మీంచి పోతాయి, రైతు తిట్టుకుంటాడు, అంతే. ఈ కారు బంపరు నేలకి అంత దగ్గర కదా, గింజల్ని కుప్పగా తోసుకుంటూ పోయింది. "ఆగు బావూ, ఆగు!" అని రైతు పరిగెత్తుకొచ్చి, బంపరు చిల్లుల్లోంచి గింజలు ఏరుకున్నాడు. తరవాత కాస్త ఆలోచించి, "అటేపు కూడా ఓపాలి తోసీ బాబూ, పార పని తప్పిపోద్ది" అన్నాడు. బావగారు తోసేరు.

ఈయన స్పోర్ట్స్ కారు ఎందుకు కొన్నట్టని బంధువులు తల బాదుకుంటారు. నాకు మాత్రం ఆయన తెలివైనవాడనే అనిపిస్తుంది. నూట యాభైలో పోయే ఎర్ర కారుని ఎవరు చూస్తారు? ఎవరిదో కూడా తెలీదు. ఒకప్పుడు నంబరు ప్లేటు మీద ఏపీ 30 ఉంటే శ్రీకాకుళం, 35 ఉంటే విజయనగరం అని ఇట్టే తెలిసేది. 2019 నించి రాష్ట్రమంతా 39 అయిపోయేసరికి మనిషి మొహం చూపించుకుంటే గాని ఏ ఊరివాడో తెలియని రోజులొచ్చేయి. మొహం కనపడాలంటే టాపు తీయాలి. టాపు తీసేక పలకరింపులు అందాలంటే నలభైలోనే పోవాలి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటడానికి ఆయనకి పట్టే సమయంలో ముగ్గురితో కుశల ప్రశ్నలు, ఒకరితో పెళ్ళి సంబంధం మాట పూర్తవుతాయి.

మొన్న మీటరు 2000 దాటింది. ఇంక తొక్కొచ్చు కదా బావగారూ అన్నాను. "ఎంతమాట! ఇంజను సర్దుకుంది. గేరుబాక్సు ఉంది, టైర్లున్నాయి, మరి రోడ్డు సర్దుకోవద్దా?" అన్నారు. అయిదు వేలు చూసి ఆలోచిస్తారట.

కాబట్టి రణస్థలం, ఎచ్చెర్ల మధ్య మీకు ఎప్పుడైనా ఆ ఎర్ర కారు అడ్డొస్తే హారన్ కొట్టకండి, లైట్లు వెయ్యకండి. నింపాదిగా దాటి వెళ్ళండి, ఆయనేమీ అనుకోరు. దాటేటప్పుడు మాత్రం దయచేసి ఒకసారి కారు వైపు తిరిగి చూడండి.