పావురం గుండె మీది గురి

బేత్లెహేములో ఒక గోడ మీదున్న పావురం బొమ్మను నేను చెడగొట్టాను. మా ఊళ్లో కూర్చుని, చర్చి క్రిస్మస్ కార్డు కోసం, డబ్బులిచ్చి మరీ చెడగొట్టించాను. చాలాకాలం అది నాకు తప్పుగా తోచలేదు. సేవ చేశానని కూడా అనుకున్నాను.

బొమ్మ వేసింది బ్యాంక్సీ. పేరూ ముఖమూ బయటపెట్టకుండా వీధి గోడల మీద బొమ్మలు వేసే ఇంగ్లండు చిత్రకారుడు. 2007 నాటి ఆ బొమ్మలో తెల్లపావురం రెక్కలు చాచి ఉంటుంది. ముక్కున ఒలీవ రెమ్మ. ఒంటికి తూటాలు ఆపే జాకెట్. సరిగ్గా గుండె ఉండే చోట, తుపాకీతో గురిచూసేటప్పుడు కనిపించే ఎర్రటి గుర్తు. నోవహు ఓడకు ఒలీవ ఆకు తెచ్చింది పావురమేనని మా సండే స్కూలు పిల్లల్ని అడిగినా చెబుతారు. యేసు బాప్తిస్మం పొందినప్పుడు ఆత్మ దిగివచ్చిందీ పావురంలాగేనని వాక్యం. అందుకే చూడగానే నా మనసు లాగేసింది.

పవిత్ర స్థలాల యాత్రకు వెళ్లినప్పుడు దాన్ని చూశాను. యెరూషలేము నుంచి బేత్లెహేముకు దూరం దాదాపు పది కిలోమీటర్లు. మధ్యలో గోడ. ఇశ్రాయేలు 2002లో మొదలుపెట్టిన ఆ అడ్డుగోడ కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల ఎత్తు కాంక్రీటు. పాలస్తీనా భూభాగంలో దాన్ని కట్టడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో తన అభిప్రాయం చెప్పింది. ఇవేవీ నాకప్పుడు తెలియవు. బస్సు కిటికీలోంచి గోడ కనిపిస్తూనే ఉంది. మాతో వచ్చినవాళ్లలో ఒకాయన "ఇదేంటండీ, జైలా?" అని అడిగితే, యాత్రకొచ్చి రాజకీయాలు ఎందుకండీ అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

జనన దేవాలయం గుమ్మం నాలుగడుగుల ఎత్తే. నడుం వంచితే తప్ప లోపలికి పోలేం. కింద గుహలో, ప్రభువు పుట్టాడని చెప్పే చోట, పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఏడ్చాను. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. బయటికొచ్చాక ఒలీవ చెక్క బొమ్మలమ్మే కొట్లో, ఫ్రేము కట్టిన ఆ పావురం ప్రింటు కనిపిస్తే కొనుక్కున్నాను.

ఆ ఏడాది కార్డు పని కమిటీ నాకప్పగించింది. ప్రింటు తీసుకుని మాకు తెలిసిన డీటీపీ సెంటరుకు వెళ్లాను. అక్కడ పనిచేసే కుర్రాడు ముస్లిం. స్కాన్ చేసి తెర మీద పెట్టాడు. "బాబూ, ఆ జాకెట్టు తీసెయ్. ఆ ఎర్ర గుర్తు కూడా. పండగ కార్డు మీద తుపాకీ గొడవెందుకు" అన్నాను. అతను కాసేపు తెరకేసే చూశాడు. "అది తీసేస్తే బొమ్మలో ఇంకేం ఉంటదండీ? మామూలు పావురమేగా" అన్నాడు. నాకు మామూలు పావురమే కావాలన్నాను. జాకెట్ మీద తెల్ల ఈకలు అతికించాడు. గుండె దగ్గర కొంచెం మసకగా వస్తే, అదీ కనపడకుండా చెయ్యమని పక్కన నిలబడి చేయించాను. కార్డులు పంచాం. అందులో ఒకటి పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, చర్చి హాల్లో తగిలించాం. అందరూ ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు.

2020లో పేపర్లో ఒక వార్త చదివాను. బ్యాంక్సీ చేసిన మూడు ఫ్రేముల చిత్రాన్ని లండన్‌లో వేలం వేస్తే ఇరవై రెండు లక్షల పౌండ్లు వచ్చాయట. బేత్లెహేము ఆసుపత్రి కోసం అమ్మారు. అవి పాతకాలపు సముద్ర దృశ్యాలు. మన ఇళ్లల్లో సోఫా పైన తగిలించుకునే రకం. ఆయన వాటిలో ఒడ్డున నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేశాడు, మధ్యధరా సముద్రం దాటబోయి మునిగిపోయిన వలస జనం ఒంటి మీదివి. ప్రశాంతంగా ఉన్న బొమ్మలో ఆయన జాకెట్లు పెట్టాడు. నేను ఆయన బొమ్మలోంచే జాకెట్ తీసేశాను. పేపరు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ పావురం శాంతిని అడుగుతోంది, అడుగుతున్నందుకే దాని మీద గురి ఉంది. గురిని తుడిపేసి నేను కాపాడింది పావురాన్ని కాదు, గురిపెట్టినవాణ్ణి.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. కార్డులు పంచిన ఆ క్రిస్మస్ కంటే ముందే, వానాకాలంలో, మా సంఘంలో ఒక పెద్దామె చనిపోయింది. సమాధుల దొడ్డికి వెళ్లే దారి ఒక ఆసామి చేను పక్కనుంచి పోతుంది. పెట్టె మోసుకెళ్తుంటే ఆ ఆసామి అడ్డం నిలబడి, ఆమె కొడుకుని చెంపమీద కొట్టాడు. తల్లి శవాన్ని భుజాన మోస్తున్న మనిషిని. కేసు పెడతామన్నారు ఆ కొడుకు వాళ్లు. పెద్దలం కూర్చుని, ఊళ్లో శాంతిగా ఉండాలి కదా అని నచ్చజెప్పాం. రాజీ కాగితం రాసింది నేనే. "ఉభయులూ ఆవేశపడి ఒకరినొకరు తోసుకున్నారు" అని రాశాను. చెయ్యి ఎత్తింది ఒక్కడే అని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆ కొడుకు సంతకం పెట్టేటప్పుడు నా ముఖం చూడలేదు. దుఃఖంలో ఉన్నాడులే అనుకున్నాను.

రాజీ కాగితంలోని ఆ వాక్యమూ, పావురం మీది ఆ తెల్ల ఈకలూ ఒకే చేతి పని. ఇంత చదువుకుని, ఇన్నేళ్లు వాక్యం చెప్పి, ఇది నాకు కనపడకపోవడం నా జీవితంలో పెద్ద తెలివితక్కువతనం. గొడవ మాట ఎత్తకపోతే చాలు, శాంతి వచ్చినట్టే అనుకుని బతికాను. అలా బతకడానికి నాకు వీలైంది, ఎందుకంటే ఆ దెబ్బ పడింది నా చెంప మీద కాదు.

ఆ కొడుకు ఇంటికి వెళ్లి, నేను రాసింది అబద్ధమని వాళ్ల పిల్లల ముందే చెప్పాను. అతను క్షమించానని అనలేదు. "దారి సంగతి చూడండి" అన్నాడు. సమాధుల దొడ్డికి దారి కొలిచి హద్దురాళ్లు వేయించమని తహశీల్దారు గారికి అర్జీ పెట్టాం. ఆ రోజు ఎవరు అడ్డుకున్నారో, ఎవరు ఎవర్ని కొట్టారో అర్జీలో పేర్లతో రాశాం. మొదటి సంతకం నాది. రాజీ కాగితం నకలు కూడా జతచేసి, అందులో ఏది నిజం కాదో కింద రాసిచ్చాను. సర్వేయరు ఇంకా రాలేదు. మళ్లీ సోమవారం అధికారుల్ని కలవడానికి నేనూ అతనూ కలిసే వెళ్తున్నాం.