ఇల్లు చూడటానికి వచ్చినోళ్లు

అమెరికాలో ఇల్లు కొనేముందు హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలుస్తారు. అటకెక్కి, సింకు కిందికి దూరి, ఇంటి రోగాలన్నీ రాసిస్తాడు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి "మదనపల్లెలో అట్లాంటాయన దొరుకుతాడా నాయనా?" అంటే, "ఒకడేందిరా, నలుగురుండారు" అంటాడు తండ్రి. మున్సిపాలిటీ పన్ను మనిషి, బ్యాంకు వాల్యుయర్, సోలార్ పలకలవాడు, అందరికీ పైఅధికారి వాస్తు సిద్ధాంతి.

వచ్చిన మనిషిని బట్టి మన ఇంటి సైజు మారుతుంది. ఆంధ్రలో 2021 నుంచి ఆస్తిపన్ను ఇంటి విలువ మీద వేస్తున్నారు. 375 చదరపు అడుగుల లోపు సొంతింట్లో ఉండేవాళ్లకు ఏడాదికి 50 రూపాయలే. దాంతో పన్ను మనిషి గేటు తీయగానే ఇల్లు కడుపు లోపలికి లాక్కుంటుంది. వారం తిరక్కుండా లోను కోసం వాల్యుయర్ వస్తే అదే ఇల్లు రొమ్ము విరుచుకుంటుంది. పెళ్లిసంబంధం వాళ్లొచ్చినప్పటి కొలతలు ఏ టేపుకూ అందవు.

పాపం, వాల్యుయర్ కష్టాలు వాల్యుయర్‌వి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒక ఇంటి ముందుగదిలో అడుగుపెట్టబోయి గుంటలో కాలు పెట్టాడు. "నేల కుంగింది" అని రాసుకుంటుంటే "కుంగలేదు సార్, మగ్గం గుంట. మా తాత తవ్వించింది" అంది ఇంటామె. ఆ గుంటలో కాళ్లు పెట్టి నేసిన పట్టుచీరే ఈ లోను కంతులు కట్టాలి. నివాసమా, వ్యాపారమా అని ఫారంలో రెండే గళ్లున్నాయి. ఆయన పెన్ను ఇప్పటికీ ఆ రెంటి మధ్యే ఉంది.

పుంగనూరు దగ్గర పల్లెలో ఇంకో చిక్కు. ఇంటిల్లిపాదీ వసారాలో పడుకుంటున్నారు. గాలీ వెలుతురూ ఉన్న పెద్దగది తలుపు మాత్రం మూసి ఉంది.

"ఆ గది తియ్యమ్మా."

"పోగూడదు సార్, మూడో జ్వరం."

వాల్యుయర్ రెండడుగులు వెనక్కేశాడు. "డెంగ్యూనా? ఎంతమందికి?"

"లెక్కేసేదెవురు సార్, వేలల్లో ఉండాయి."

పట్టుపురుగులు. పొర విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటాయి. ఆ నిద్రనే ఇక్కడి రైతులు జ్వరం అంటారు. గూడు కట్టేలోగా నాలుగు జ్వరాలు. వాటికి చుట్టకంపు పడదు, దోమలమందు పడదు, సెంటు పడదు. మనవాడు సెంటు కొట్టుకునే వచ్చాడు. కిటికీ బయట నిలబడి గదిని కళ్లతోనే కొలుచుకున్నాడు.

పుంగనూరు టౌన్లో ఇంకో ఇంటి హాల్లో, సోఫా పక్కన ఆవు. మూడడుగుల ఎత్తు కూడా లేని పుంగనూరు జాతి. "పశువుల్ని హాల్లో కట్టేయొచ్చా?" అంటే యజమాని నొచ్చుకున్నాడు. "2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో మేపింది ఈ జాతినే సార్. మా హాలు ఏం తక్కువ?" దీనికి బ్యాంకు దగ్గర జవాబు లేదు.

కుప్పంలో సోలార్ పలకలవాడికి చిక్కంతా మిద్దె మీద. 2025 జనవరిలో అక్కడి నడిమూరులో ముఖ్యమంత్రి చంద్రబాబు ఇంటింటికీ సోలార్ మొదలుపెట్టారు. ఆరేసిన చింతపండు, విరిగిన మంచం పక్కకు జరపొచ్చు. పైఅంతస్తు కోసం వదిలిన పిల్లర్ల చువ్వలే సమస్య. నీడ పడుతుంది, కోసేద్దామంటే ముసలాయన ఒప్పుకోడు. "అవి మా చిన్నోడి వాటా సార్."

ఇక సిద్ధాంతి. ఆయన ముందు ఇంజినీరు కూడా చేతులు కట్టుకోవాల్సిందే. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉందంటే సాయంత్రానికి గోడ కూలుతుంది. మంచి స్లాబు కింద మెట్లు ఊడబీకి పడమటికి తిప్పుతారు. ఆ పక్కనే లింటెల్ మీద వేలు దూరేంత చీలిక ఉన్నా దానికి దిక్కు లేదు కాబట్టి దోషమూ లేదు.

ఇంతమంది వచ్చిపోతారా, మీటరు బోర్డు మూత తీసినవాడు ఒక్కడూ లేడు. ఎర్తింగ్ తీగ గోడలోకి పోయిందా, గాల్లో వేలాడుతోందా అని అడిగినవాడూ లేడు. ఇల్లు కొనబోయే అయ్యలారా, అమ్మలారా, సిద్ధాంతికిచ్చే దక్షిణలో పావువంతు మిగిల్చి ఒక ఎలక్ట్రీషియన్ని పిలవండి. కరెంటు లీకైతే టక్కున ఆపేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించుకోండి. దానికి ముహూర్తం అక్కర్లేదు, అమావాస్య రోజైనా వస్తాడు.