పాత మ్యాచ్ మళ్ళీ ఆడించే పెద్దమనిషి

ఎప్పుడో ముగిసిపోయిన క్రికెట్ మ్యాచ్‌ని పుస్తకంతోనో పెన్సిల్‌తోనో గవ్వలతోనో ఇంట్లో కూర్చుని మొదటి బంతి నుంచి మళ్ళీ ఆడించే పెద్దమనుషులు గోదావరి జిల్లాల్లో పేటకి ఒకరైనా ఉంటారు. రాజమండ్రిలో దానవాయిపేట, ఇన్నీసుపేట డాబాల మీదా, అమలాపురం, తణుకు, భీమవరం వీధి అరుగుల మీదా మధ్యాహ్నం నిద్రకీ సాయంత్రం కాఫీకీ మధ్య వీరి దర్శనం దొరుకుతుంది. సాధారణంగా ఇరిగేషన్‌లోనో, బ్యాంకులోనో, హైస్కూల్లో లెక్కల మేష్టారుగానో పనిచేసి రిటైరై ఉంటారు. మైదానంలో ఈయన ఆడిన క్రికెట్ పదో తరగతితో ఆగిపోయింది. ఆడించే క్రికెట్‌కి మాత్రం రిటైర్మెంటు లేదు.

ఈయన సరంజామా చిన్నదే. ఒక వాలుకుర్చీ, ఎదురుగా ఒక పీట, పీట మీద పొడుగాటి పద్దుల పుస్తకం, దాని మీద ఒక రత్నం పెన్ను. 1930లలో రాజమండ్రిలోనే పుట్టిన స్వదేశీ పెన్ను కాబట్టి 1930ల మ్యాచ్‌కి అదే సరైనదని ఈయన వాదన. బాల్‌పెన్నుతో రాసిన స్కోరుని చరిత్ర ఒప్పుకోదట. పద్దుల పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు పాలవాడి లెక్క. అయిదో పేజీ నుంచి రంజీ ట్రోఫీ.

ఈ వర్గంలో ఎక్కువమంది ఎంచుకునే మ్యాచ్ 1937-38 రంజీ ఫైనల్. బొంబాయిలో జరిగింది. ఒక పక్క నవానగర్, అంతకుముందు ఏడాది విజేత. ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆ రంజిత్‌సింహ్‌జీ ఏలిన సంస్థానం అదే. ఆ రోజుల్లో నవానగర్ అంటే అమర్ సింగ్, వినూ మన్కడ్‌ల జట్టు. రెండో పక్క హైదరాబాద్. నవానగర్ మొదటి ఇన్నింగ్స్‌లో 152 కొడితే హైదరాబాద్ 113కే చాప చుట్టేసింది. నవానగర్ రెండోసారి 270 చేసింది. ఇక హైదరాబాద్ గెలవాలంటే 310 కావాలి. ఎడుల్జీ ఐబారా 137 కొట్టి చివరిదాకా ఔటవకుండా నిలబడ్డాడు. తొమ్మిది వికెట్లు పోయాక, ఒకే ఒక్క వికెట్ తేడాతో హైదరాబాద్ గెలిచింది. ఆ నాలుగు ఇన్నింగ్స్ అంకెలూ ఈయనకి ఇంటి నంబరు కన్నా బాగా గుర్తు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1938 నాటికి రెండు గోదావరి జిల్లాలూ మద్రాసు రాజధానిలో ఉన్నాయి, హైదరాబాద్ నిజాం రాజ్యం, యానాం ఫ్రెంచివారిది. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది 1953-54లో. న్యాయంగా చూస్తే ఈయన ముత్తాతలు మద్రాసు జట్టుకి చప్పట్లు కొట్టవలసినవారు. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే ఈయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "1956లో కలిశాం కదండీ. అప్పటి మ్యాచ్‌లు కూడా కలిసినట్టే" అంటారు. 2014లో మళ్ళీ విడిపోయాం కదా అని అడిగినవాళ్ళకి ఆ పూట కాఫీ రాదు.

మొదట్లో ఈయన పరికరం పుస్తకం. బడి పిల్లలందరికీ తెలిసిన పద్ధతే: కళ్ళు మూసుకుని పుస్తకం తెరవాలి, ఎడమచేతి పేజీ అంకెలో చివరిది చూడాలి. రెండుకి రెండు పరుగులు, నాలుగుకి నాలుగు, ఆరుకి ఆరు, ఎనిమిదికి ఏమీ లేదు, సున్నాకి ఔటు. మొదట పట్టిన పంచాంగం పలచన. నాలుగు రోజుల్లో బొటనవేలికి పేజీలన్నీ కంఠతా వచ్చేస్తాయి. అందుకని శబ్దరత్నాకరం నిఘంటువు దించుతారు. దానికీ ఒక జబ్బుంది. వాడగా వాడగా అట్ట విరిగి, ఎలా తెరిచినా 66వ పేజీ దగ్గరే పడుతుంది. ఆ రోజు క్రీజులో ఎవరున్నా సిక్సర్ల వాన. నవానగర్ పదకొండో బ్యాట్స్‌మన్ వరసగా ఏడు సిక్సర్లు కొట్టాక ఈయన పుస్తకాన్ని పిచ్ రిపోర్టుకి పంపారు, అంటే బైండింగుకి.

అసలు చిక్కు బైండింగుది కాదు, లెక్కది. అయిదు అంకెల్లో ఒకటి ఔటు కాబట్టి సగటున నాలుగుసార్లు బతికి అయిదోసారి పోతారు. బతికిన ప్రతిసారికీ సగటు మూడు పరుగులు. అంటే వికెట్‌కి 12, పది వికెట్లకి 120. హైదరాబాద్‌కి కావలసింది 310. పుస్తకంలో ఐబారా 137 దాటాలంటే పది వేల ఇన్నింగ్స్ తెరిచినా ఒక్కటి దొరుకుతుందన్న పూచీ లేదు. అందుకని ఐబారాకి మాత్రం మూడు ప్రాణాలు అదనంగా ఇచ్చారు. సగటు 48కి వచ్చి ఆగింది. 137 దాకా రావాలంటే ఒక్కడే పదకొండు పన్నెండు సార్లు ఔటవ్వాలని తేలింది. జట్టు మొత్తానికి రాసిపెట్టిన పది ఔట్లూ ఒక్కడే అయిపోతే మిగతా పదిమందికి బొంబాయి రైలు టిక్కెట్లు దండగ కదా అని ఆ పద్ధతి మానేశారు.

రెండోది ఆరు పలకల పెన్సిల్. ఒక్కో పలకని బ్లేడుతో చెక్కి 1, 2, 3, 4, 6 వేసి, ఆరోదాని మీద ఇంటూ గుర్తు పెడతారు. దొర్లిస్తే పైన పడ్డదే ఫలితం. ఇందులో వికెట్‌కి 16, జట్టుకి 160. పుస్తకం మీద నయం, 310కి దూరం.

మూడోది గవ్వలు. ఇవి ఈయనవి కావు. అత్తగారి హయాం నుంచి ఇంట్లో ఉన్న అష్టాచెమ్మా గవ్వలు. నాలుగు గవ్వలు వేస్తే ఒకటి వెల్లకిలా పడితే ఒక పరుగు, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ వెల్లకిలా పడి చెమ్మ అయితే ఫోరు. నాలుగూ బోర్లా పడి అష్ట అయితే ఔటు. గవ్వ ఏ వైపుకైనా సమానంగా పడుతుందనుకుంటే పదహారింట ఒకసారి ఔటు, వికెట్‌కి 32 పరుగులు, జట్టుకి 320. లెక్క చివర 320 చూసిన రోజున ఈయన మజ్జిగ కూడా ముట్టలేదు. ఐబారా 137 కూడా అరవై చిల్లర ఇన్నింగ్స్‌లకి ఒకటి తగిలే అందుబాటులోకి వచ్చింది. పరుగు రాని బంతికి ఈ పద్ధతిలో లెక్కే లేదు. ఉంటే మ్యాచ్ ముగిసేలోపు గోదావరికి పుష్కరాలొచ్చేస్తాయి.

గవ్వల వాడకంలో గృహసంబంధమైన ఇబ్బందులు లేకపోలేదు.

"ఏవండీ, అమ్మాయి పిల్లలొచ్చారు, అష్టాచెమ్మా ఆడతారట. గవ్వలేవీ?"

"టీ విరామం దాకా ఆగమను."

"మీ టీ విరామానికి వాళ్ళ సెలవులైపోతాయి."

చింతపిక్కలు అరగదీసి ఇస్తామని ఈయన రాయబారం పంపుతారు. మనవలు ఒప్పుకోరు. ఆ ఏడు సెలవుల్లో రంజీ ఫైనల్ వాయిదా పడుతుంది.

మూడు పరికరాలూ చేతికి అలవాటయ్యాక ఈ పెద్దమనిషి ఒక సిద్ధాంతం కనిపెడతారు. నవానగర్ మొదటి ఇన్నింగ్స్ 152, పెన్సిల్ చెప్పేది 160. హైదరాబాద్ మొదటి ఇన్నింగ్స్ 113, పుస్తకం చెప్పేది 120. చివరి రెండూ 270, 310. గవ్వలు చెప్పేది 320. కాబట్టి ఆ ఫైనల్లో మొదటి ఇన్నింగ్స్ పెన్సిల్‌తోనూ, రెండోది పుస్తకంతోనూ, మూడూ నాలుగూ గవ్వలతోనూ ఆడి ఉండాలి. ఆనాటి పిచ్ ఎండకి మారిందనీ, ఆటగాళ్ళు పట్టుదలకి పోయారనీ మామూలు చరిత్రకారులు చెప్పే కారణాలు ఈయనకి ఆనవు. పరికరం మారిందంతే.

అంపైరింగులో గోదావరి మర్యాద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అష్ట పడగానే వేలెత్తడం మోటు పని. "అమర్ సింగ్ గారూ, ఔటండి, ఏమీ అనుకోకండి" అని చెప్పి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పద్దు రాస్తారు. కొత్తగా వచ్చే బ్యాట్స్‌మన్‌ని "దయచేయండి" అని పిలుస్తారు. నవానగర్ తరఫున గవ్వలు వేసేది ఎప్పుడూ పక్కింటి బావగారే. ఓడిపోవడం ఖాయమైన జట్టుకి ఇన్నేళ్ళుగా ఆడుతున్నందుకు ఆయనకి వేరే కాఫీ, అప్పుడప్పుడు రెండు పూతరేకులు. చివరి జోడీ దగ్గర బావగారు మొదలుపెట్టే సంభాషణ ఎప్పుడూ ఒకటే.

"తొమ్మిది పడ్డాయండోయ్, ఇంక మీ పని అయిపోయినట్టే."

"కంగారెందుకండీ, ఐబారా గారున్నారు కదండీ."

"ఆయన ఇందాక పన్నెండుకే వెళ్ళిపోయారు కదండీ!"

"ఆయ్, అది నోబాలండీ. అప్పుడు చెప్పడం మరిచిపోయాను."

ఈ వర్గంలో శాఖాభేదాలున్నాయి. 1932 శాఖవారు లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టునే పట్టుకుంటారు. సి.కె. నాయుడి కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి కాబట్టి అది వారికి కృష్ణా జిల్లాలో అడుగుపెడితే వచ్చే చుట్టరికం. మహమ్మద్ నిసార్ రెండు తీసి, ఇంకొకటి రనౌటై ఇంగ్లండ్ 19కి మూడు పడ్డ దాకా అచ్చం చరిత్ర ప్రకారం ఆడించి, ఆ తర్వాత పగ్గాలు వదిలేస్తారు. అసలు మ్యాచ్‌లో భారత్ 158 పరుగులతో ఓడింది. ఫీల్డింగులో నాయుడి చేతికి దెబ్బ తగిలింది. ఈ శాఖ మ్యాచ్‌లో ఆ దెబ్బ తగలదు. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద నాయుడు 11 సిక్సర్లతో 153 కొట్టిన ఇన్నింగ్స్ కూడా వీరిదే. గవ్వల్లో సిక్సర్ లేదు కాబట్టి వీరు పెన్సిల్‌వాదులు. గవ్వలవారి గడప తొక్కరు. 1936 శాఖ మరీ చిన్నది. విజ్జీ కెప్టెన్సీలో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టు నుంచి లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశారు. ఈ శాఖవారి ఆటలో అమర్‌నాథ్ తిరుగు ఓడ ఎక్కడు.

ఈయనకి విదేశాల్లోనూ సజాతీయులున్నారు. ఇంగ్లండులో పరుగులకి ఒకటి, ఔటు తీర్పుకి ఒకటి, రెండు చిన్న లోహపు కడ్డీలు దొర్లించే ఆట ఉంది. ఈయన పెన్సిల్‌కి దొరలింటి దాయాది. అమెరికాలో 1951లో ఆప్బా, 1961లో స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే బేస్‌బాల్ ఆటలు అమ్మకానికి వచ్చాయి. పాచికలూ, ఆటగాడికో కార్డూ ఉంటే చాలు, ఏ కాలపు జట్లనైనా తలపడనివ్వవచ్చు. 1884లో ప్రొవిడెన్స్, న్యూయార్క్ మెట్రోపాలిటన్స్ మధ్య లీగుల విజేతల పోటీ జరిగితే ప్రొవిడెన్స్ పిచర్ రాడ్‌బోర్న్ మూడు ఆటలూ తనే వేసి మూడూ గెలిపించాడు. వందేళ్ళు దాటినా అలాంటి పోటీల్ని బల్ల మీద మళ్ళీ ఆడించే తాతలు అక్కడా ఉన్నారు. అక్కడి కార్డు ఆటగాడి అసలు గణాంకాల్ని బట్టి తయారవుతుంది కాబట్టి ఫలితం నిజానికి దగ్గరగా వస్తుంది. గోదావరి పెద్దమనిషికి ఇది నచ్చదు. "మనిషి మొహం చూసి గవ్వ మారకూడదండీ" అంటారు, ఐబారా నోబాల్ పక్కన ఇంకు ఆరకముందే.

ఫలితాల నమోదుకి ఒకే నియమం. హైదరాబాద్ గెలిస్తే అది ఫైనల్. ఓడితే ప్రాక్టీసు మ్యాచ్. ఫైనల్ అయితే పద్దుల పుస్తకంలో రత్నం పెన్నుతో ఎక్కుతుంది, కింద ఈయన సంతకం, నవానగర్ తరఫున బావగారి సంతకం. ప్రాక్టీసు మ్యాచ్ కాగితం పాలవాడి లెక్కకి పనికొస్తుంది. లోకం లెక్క ప్రకారం హైదరాబాద్ మళ్ళీ రంజీ ట్రోఫీ ఎత్తడానికి 1986-87 దాకా, అంటే 49 ఏళ్ళు పట్టింది. పద్దుల పుస్తకం ప్రకారం అంత కరువు ఎప్పుడూ రాలేదు; అందులో ఆ 1938 కప్పునే హైదరాబాద్ ఏడాదికి నాలుగైదు సార్లు గెలుస్తూ ఉంటుంది.