నాంపల్లి రైలు దిగి వచ్చినవాళ్లు

నేను హైదరాబాద్ అబిడ్స్‌లో ఒక ఫొటో స్టూడియోలో ఉన్న పాత స్టాండ్ కెమెరాను. టేకు ఒళ్లు, మడతల తోలుతిత్తి, ఇత్తడి చుట్టున్న లెన్సు. నల్లగుడ్డ కప్పుకొని నా వెనక గరుకుటద్దంలోకి చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారు.

నాకు ఊపిరాడని నెల జనవరి. బాగె ఆంలో 1938లో మొదలైన నుమాయిష్ ఎగ్జిబిషన్ 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1న తెరిస్తే ఫిబ్రవరి సగం దాకా నడుస్తుంది. దాన్ని చూడటానికి జిల్లాల నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్‌లో దిగినవాళ్లు, పట్నం వచ్చినందుకు గుర్తుగా ఫొటో దిగాలని నా దగ్గరికొచ్చేవాళ్లు. సాయంత్రాలు ఎగ్జిబిషన్‌వి, పగళ్లు నావి.

గోడకు అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. అడిగినవాళ్లకు కోటు, టై. వాళ్లలో ఒక అవ్వ నాకు మరుపు రాదు. శాలువా కప్పుకొని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. "జర సీదాగ కూసో అవ్వా, రెప్ప కొట్టకు" అన్నాడు మా ఫొటోగ్రాఫర్. లెన్సు మూత తీసి పెట్టేదాకా ఆమె ఊపిరి బిగబట్టింది.

చలికాలం డార్క్‌రూమ్‌లో పని నిదానం. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబడితే బొమ్మ పలచన. అందుకే ట్రేను వేడినీళ్ల తొట్టిలో పెట్టేవాళ్లు. తర్వాత నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో రీటచింగ్. "ముడతలు తియ్యకుండ్రి, మా అవ్వ అవ్వలెక్కనే ఉండాలె" అన్నాడు మనవడు. ఆ కుర్రాడి మాట నాకు ఎంతో నచ్చింది.

ఈ ఊళ్లో నాకంటే పెద్ద కెమెరాలు ఉండేవి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికిచ్చాడు. ఆయన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నావి లేవు. డిజిటల్ వచ్చాక, వెండి తీసేవాళ్లు నెగెటివ్‌లను తూకానికి కొనుక్కుపోయారు. అవ్వ నెగెటివ్ కూడా వాటితోనే పోయింది.

ఇప్పుడు మిగిలినవి మీ ఇళ్లలోని ప్రింట్లే. పెట్టె దించి చూడండి. ఫొటోలో ఉన్నదెవరో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారమే అడిగి, ప్రతి ఫొటో వెనక పేరు, ఊరు, ఏడాది మెత్తని పెన్సిల్‌తో రాసిపెట్టండి.