అయిదున్నర కిలోల తరుగు

మిర్చి టిక్కీ కాటా ఎక్కిందంటే రైతు చూపు ముల్లు మీద, కొనేవాడి చూపు తరుగు మీద. తేమ ఉందని కాస్త, గోతం బరువని కాస్త, తాలుకాయని ఇంకాస్త. పల్నాట్లో తరుగు మాటెత్తితే ఎంత మెత్తటి మనిషైనా తువ్వాలు నడుముకు బిగిస్తాడు. అలాంటి గడ్డ మీద పుట్టినవాణ్ణి, తరుగుకే ఎదురు డబ్బిచ్చే మహానుభావులున్నారని విని నేను నోరు తెరిచానంటే తప్పు నాది కాదు.

హీరో కంపెనీ సంగతే చెబుతున్నా. మా ధరణికోటలో ఏ వీధికెళ్లినా అరుగు పక్కన ఒక స్ప్లెండర్ ఆగి ఉంటుంది. ఆ స్ప్లెండర్లు చేసే కంపెనీయే తన వ్యవస్థాపకుడు బ్రిజ్‌మోహన్ లాల్ ముంజాల్ శతజయంతి గుర్తుగా ‘ది సెంటెనియల్’ అనే బండి చేసి 2024 జనవరిలో లోకానికి చూపించింది. చేసినవి 100. షోరూముకెళ్లి అడ్వాన్సు కడతానంటే కుదరదు. తమ ఉద్యోగులు, వ్యాపార భాగస్వాముల మధ్య వేలం పెట్టారు. 75 బళ్లకు 8 కోట్ల 58 లక్షలొచ్చాయి. అందులో ఒక బండి పాట 20 లక్షల 30 వేల దాకా వెళ్లింది. వచ్చిన డబ్బు సమాజసేవకని చెప్పారు కాబట్టి పాడినవాళ్లను నేనేమీ అనను. నా పేచీ అంతా కాటాతోనే.

ఈ బండికి హీరోవాళ్ల కరిజ్మా ఎక్స్‌ఎంఆర్‌లో ఉన్న 210 సీసీ ఇంజనే ఆధారం. ఆ కరిజ్మా 2023లో 1,72,900 రూపాయల ధరతో వచ్చింది. బరువు 163.5 కిలోలు. సెంటెనియల్ బరువు 158. అంటే తరుగు అయిదున్నర కిలోలు. పెద్ద పాట పాడినాయన లెక్క తీస్తే, కరిజ్మా ధర పోను, కిలో తరుగు 3 లక్షల 37 వేలు పడింది. మిర్చికి ఆ ధర పలికిన రోజున నేనసలు వ్యాసాలు రాయను.

ఆ కిలోలు ఊరికే పోలేదు లెండి. ఒంటికి కార్బన్ ఫైబర్ తొడిగారు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ని అల్యూమినియంతో చెక్కించారు. సైలెన్సర్ అక్రపోవిచ్ అనే స్లొవేనియా కంపెనీది, టైటానియం. సీటు ఒక్కరికే. ఈ చివరిది తరుగు కిందికి రాదు, నా దృష్టిలో అది పిసినారితనం.

టీ కొట్టు దగ్గర మా మేనల్లుడు ఫోన్లో దాని బొమ్మ చూపిస్తుంటే, పక్కనున్న పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“మైలేజీ ఎంతిస్తదిరా?”

“మైలేజీ కోసం కొనే బండి కాదు తాతా.”

“మరి దేనికోసం?”

“తేలిగ్గా ఉంటది. నూట యాభై ఎనిమిది కిలోలే!”

“నా స్ప్లెండర్ ఎంతుంటది?”

మావాడు వెతికి, కాస్త గొంతు తగ్గించి, “నూట పన్నెండు” అన్నాడు.

“మరి నాదే తేలిక గదరా!”

బండి తేలిక వేరు, బలానికి తగ్గ తేలిక వేరు అని మావాడు వివరించబోయాడు. ఇంజను ఎన్ని గుర్రాల శక్తి ఇస్తుంది, ఒక్కో గుర్రం ఎన్ని కిలోలు మోస్తుంది, పికప్ అందులోంచే వస్తుంది అన్నాడు. మాట నిజమే. కానీ పెద్దాయన స్ప్లెండర్ అప్పటికి రెండు యూరియా బస్తాలు మోసుకొచ్చి ఎదురుగా నిలబడి ఉంది. సాక్షి కళ్లముందుంటే వాదన నిలవదు.

ఇటలీవాళ్లు ఈ తరుగు వ్యాపారంలో హీరోకి తాతలు. డుకాటీ 1299 సూపర్‌లెజ్జెరా అని 500 బళ్లే చేశారు. చాసిస్ కూడా కార్బన్ ఫైబరే. 215 గుర్రాలు. 2017లో మన దేశంలో దాని ధర 1 కోటి 12 లక్షలు. బరువు 156 కిలోలని రాసుకున్నారు, అదీ డ్రై వెయిట్. అంటే పెట్రోలు లేకుండా తూచింది. గోతం విప్పేసి, తొడిమలు తుంచేసి మిర్చి తూచే ఏర్పాటు మా వైపు ఇంకా రాలేదు.

డబ్బు పెట్టి పేరు నిలుపుకునే దాతలు మా ఊరికి కొత్తవాళ్లు కారు. ఇది ధాన్యకటకంగా ఉన్న కాలంలో, పక్కనే అమరావతి స్తూపానికి రాతిపలకలు చేయించి పేర్లు చెక్కించుకున్నవాళ్లు ఎందరో. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడని శాసనం ఇప్పటికీ చెబుతుంది. ఆ దాతలు డబ్బుకు తగ్గ బరువు పుచ్చుకున్నారు. ఎవడూ కదిలించలేడనుకున్న ఆ పలకల్లో చాలా వాటిని తెల్లదొరలు ఓడలెక్కించి లండన్ చేర్చారనుకోండి, అది వేరే సంగతి.

ఇక మా మేనల్లుడు. కార్బన్ ఫైబర్ కొనే తాహతు లేదు కాబట్టి పానా పట్టుకున్నాడు. తన బండికున్న శారీ గార్డు, లెగ్ గార్డు, అద్దాలు, చెయిన్ కవరు, అన్నీ ఊడదీసి మేడ మీద పడేశాడు. “మావయ్యా, నాలుగు కిలోలు తగ్గింది” అన్నాడు. పైసా ఖర్చు లేకుండా! ఇటలీవాళ్లు వింటే గుండె ఆగుతుంది.

కార్తీక సోమవారం మా అక్క కొబ్బరికాయల సంచితో, పట్టుచీరతో అమరేశ్వరస్వామి గుడికి బయల్దేరి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

“కాలెక్కడ పెట్టనురా?”

“సర్దుకో అమ్మా, రేసింగ్ మోడల్.”

“ఇప్పుడే ఆ ఇనుమంతా బిగించు. లేదంటే నన్ను ఆటోలో పంపి, ఛార్జీ నువ్వియ్యి.”

మావాడు పానా కోసం లోపలికెళ్లాడు.