మూడుసార్లు అడిగిన ప్రశ్న

నా ఒంట్లో ఏ రెండు భాగాలూ ఒకచోట పుట్టినవి కావు. మదర్‌బోర్డు ఒక కంపెనీది, పెట్టె ఇంకో కంపెనీది, కీబోర్డు అయితే ఇప్పటికి మూడోది. అన్నీ గుంటూరులో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, అద్దంకి బస్టాండు దగ్గరున్న తన డీటీపీ కొట్టులో బిగించాడు మా ఓనరు. ఆ రోజు నాకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పవర్ బటన్ పక్కన ఆ కుంకుమ మరక ఇప్పటికీ ఉంది.

పెళ్లిపత్రికలు నా కులవృత్తి. నాకొచ్చిన తెలుగులో ముప్పాతిక వంతు ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ దగ్గరే ఆగిపోతుంది. ముహూర్తాలు లేని రోజుల్లో అడంగల్ నకళ్లు, కౌలు కాగితాలు, శింగరకొండ తిరునాళ్ల కరపత్రాలు. నేను చేసే లెక్కల్లోకెల్లా పెద్దది ఒక మిర్చి వ్యాపారి టిక్కీల పట్టీ. ఎన్నిసార్లు కూడినా మొత్తం ఒకటే. లెక్క అంటే అదే అనుకునేదాన్ని. ఒకే ప్రశ్నకు ఒకదానికొకటి పొసగని జవాబులు నా నోటితోనే చెప్పాల్సి వస్తుందని 2023 ఆగస్టు దాకా తెలియదు.

ఆ అమ్మాయి మా ఓనరుకు అన్న కూతురు. ఎమ్మెస్సీ అగ్రికల్చర్, కీటకశాస్త్రం. థీసిస్ ఇవ్వడానికి పదిరోజులుందనగా తన ల్యాప్‌టాప్ మొరాయించింది. “బాబాయ్, రాత్రిళ్లు నీ సిస్టమ్ వాడుకుంటా” అంది. “వాడుకోమ్మా. ఆ పత్రికల ఫోల్డరు జోలికి మాత్రం పోమాకు” అన్నాడు.

పెన్‌డ్రైవ్‌తో పాటు ఒక నోటుబుక్కు తెచ్చింది. అట్ట మీద మట్టి, పేజీల అంచుల్లో ఎర్రటి వేలిముద్రలు. పేజీ తిప్పినప్పుడల్లా తనకు తుమ్ము వచ్చేది. మిరపకాయలు తూస్తూ తూస్తూ రాసిన పుస్తకం మరి.

దాని వెనక కథ ఈ చుట్టుపక్కల మిరప వేసిన ప్రతి ఇంటికీ తెలుసు. 2021లో ఈ మైదానం మీద నల్ల తామర పురుగు వచ్చి పడింది. శాస్త్రజ్ఞులు దాన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. మన దేశంలో దాన్ని 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట గుర్తించారు. పాత తామర పురుగు ఆకుల్ని పైకి ముడిచేది. ఇది నేరుగా పువ్వుల్లో దూరి పూత రాల్చేసింది. రైతులు ఎవరు ఏ మందు చెబితే అది కొట్టారు. అమ్మాయి వాళ్ల నాన్నా అంతే. “ఏడో మందు కొట్టాకగాని లొంగలా” అంటాడాయన. లొంగదీసింది ఏడో మందా, అప్పుడు పడ్డ వానా, పురుగుకే రోజులు నిండాయా? చెప్పగలిగినవాళ్లు లేరు. అది తేల్చాలనే ఆ పిల్ల కాలేజీ పొలంలో ప్రయోగం పెట్టింది. ఏడు మందులు, ఏమీ కొట్టని కంట్రోలు ఒకటి, వెరసి ఎనిమిది. ఒక్కోటి మూడేసి చోట్ల, మొత్తం 24 మళ్లు. ఏ మడికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించింది. కోతకోతకూ ఎండుకాయ తూచి రాసింది.

మొదటి రాత్రి నాలోకి ‘ఆర్’ దించింది. న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. కాణీ ఖర్చు లేదు.

వచ్చీరాగానే నేనొక తెలివితక్కువ పని చేశాను. తను మందుల పేర్లకు బదులు 1 నుంచి 8 దాకా అంకెలు వేసింది. అంకె కనిపిస్తే నేను అంకెగానే చూస్తాను. ఎనిమిదో మందు ఒకటో మందుకు ఎనిమిది రెట్లనుకుని, మందు పెరిగేకొద్దీ దిగుబడి ఏ వాలున పోతోందో లెక్కగట్టి పెట్టాను. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక కూడా లేదు, పట్టిక ముచ్చటగా వచ్చింది. ఆ పిల్ల చూపు మాత్రం మొదటి గడి దగ్గరే ఆగింది. డి.ఎఫ్. (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) కింద 7 ఉండాల్సిన చోట 1 ఉంది. “ఎనిమిదింటికి ఏడు రావాలిగా!” అని నెత్తి కొట్టుకుని, ఆ వరుసకు ‘ఫ్యాక్టర్’ అన్న మాట తగిలించింది. ఇవి అంకెలు కావు, పేర్లు అని నాకు చెప్పడమన్నమాట. పెళ్లిపత్రిక మీద ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? నేనైతే కూడేస్తాను.

ఈసారి ఎఫ్ పరీక్ష గట్టిగానే పలికింది. అయితే అది చెప్పేది చాలా తక్కువ. సంతలో గొడవ జరుగుతోందని దూరం నుంచి కేక వినబడుతుంది. కొట్టుకుంటున్నది ఎవరెవరో దగ్గరికెళితేగాని తెలియదు. ఎనిమిదింటిలో ఎక్కడో తేడా ఉంది, అంతవరకే. దేనికీ దేనికీ మధ్య అని అడిగితే ఎనిమిదింటిని జతలు కట్టాలి. ఎనిమిదేళ్లు యాభై ఆరు, అందులో సగం 28 జతలు.

అప్పుడు మొదటిసారి అడిగింది. సి.డి., అంటే క్రిటికల్ డిఫరెన్స్, చూపించమంది. వ్యవసాయ కాలేజీల్లో తరతరాలుగా నలిగిన మాట అది. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పొలాల లెక్కలు చూడ్డానికి 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ చలవ. మన పాన్సే, సుఖాత్మే 1954లో రాసిన పుస్తకం చదువుకున్న గురువులు, వాళ్ల శిష్యులు దాన్ని చేత్తో కట్టేవాళ్లు. ఆ రాత్రి అంకెలు నాకింకా గుర్తే. ఎర్రర్ మీన్ స్క్వేర్ 4, దాని డి.ఎఫ్. 14, సి.డి. 3.5 క్వింటాళ్లు. ఎకరానికి ఆరో మందు మళ్లలో 21 క్వింటాళ్లు, మూడో మందు మళ్లలో 16.5, ఏమీ కొట్టనిచోట 9.5. ఆరుకీ మూడుకీ ఎడం 4.5, సి.డి. కన్నా ఎక్కువ. “తేడా ఉంది” అన్నాను. పిల్ల మొహం వెలిగింది. ఆరోది కొత్త మందు, ఖరీదైనది. మూడోది పాతది, చవక. కొత్తది గెలిస్తే థీసిస్‌కు కళ వస్తుంది.

రెండోసారి డంకన్ పరీక్ష పెట్టమంది. 1955 నాటిది, వ్యవసాయ పత్రికల్లో అంకెల నెత్తిన ఎ, బి, సి అక్షరాలు కూర్చోబెట్టడంలో దానికి పెద్ద పేరు. ఒకే అక్షరం పంచుకున్న అంకెల మధ్య తేడా తేలలేదని అర్థం. ‘ఎబి’ అని రెండక్షరాలున్నది రెండు పెళ్లిళ్లకూ పిలుపున్న చుట్టం లాంటిది, ఎ పక్కనా కూర్చుంటుంది, బి పక్కనా కూర్చుంటుంది. డంకన్ కూడా ఆరుకూ మూడుకూ వేరువేరు అక్షరాలే ఇచ్చాడు.

మూడోసారి ట్యూకీ. ఈయనతో నాకు చుట్టరికం ఉంది. నాలో పారే ప్రతి ఒకటికీ సున్నకూ ‘బిట్’ అని పేరు పెట్టిన జాన్ ట్యూకీ ఈయనే. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను ఈ అర్థంలో 1958లోనే అచ్చులో వాడినవాడు కూడా. ఆయన పరీక్ష నడిపితే 28 జతలకు 28 వరుసలు వచ్చాయి. ప్రతి వరుసలో తేడా, కింది హద్దు, పై హద్దు, సవరించిన పి విలువ. ఆరు, మూడుల వరుసలో కింది హద్దు మైనస్ 1.3, పై హద్దు 10.3. మధ్యలో సున్న పడింది. ట్యూకీ గీసిన గీత 5.8 క్వింటాళ్ల దగ్గర ఉంది, మన 4.5 దాని ఇవతలే ఆగిపోయింది. “తేడా తేలలేదు” అన్నాను.

వెలిగిన మొహం వాడింది. ఫోను తీసి సీనియర్ ఒకరిని అడిగింది. అవతలి గొంతు నాకూ వినబడింది: “డంకన్ పెట్టెయ్ పిల్లా, అక్షరాలు బాగా విడిపోతాయి. ట్యూకీ పెట్టమని ఎవరడిగారు?” నిజమే, ఎవరూ అడగలేదు. నాకైతే ఏ పరీక్షైనా ఒక్క వరుస ఆజ్ఞే. ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ ఒక్క వరుస కూడా రాయక్కర్లేదు. ఒకే కిటికీలో పద్దెనిమిది పరీక్షల పేర్లుంటాయి, గళ్లలో టిక్కు పెట్టడమే. పురుగుమందుల కొట్టులో అలమర ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఒకటి లొంగకపోతే పక్క డబ్బా.

ఆ పోలిక ఆ పిల్లకూ తట్టినట్టుంది. చాలాసేపు కీబోర్డు ముట్టుకోలేదు. తర్వాత నోటుబుక్కు వెనక పేజీలో ఒక లెక్క వేసి, సరిచూడమని నాకిచ్చింది. ఎనిమిదీ ఒకదాన్ని మించి ఒకటి కాకుండా, అన్నీ సమానమే అయినా, ఒక్కో పోలికలో నూటికి ఐదుసార్లు ఉత్తుత్తి తేడా కనిపించే వీలుంది. పోలికలు దేనికది విడి అనుకుంటే, 28 పోలికల్లో కనీసం ఒక్కటైనా అలా బొంకే అవకాశం ఎంత? 0.95ను 28 సార్లు గుణించి ఒకటిలోంచి తీసేశాను. నూటికి 76. మిర్చి యార్డులో టిక్కీలో ఒకసారి చెయ్యి పెడితే తాలుకాయ తగలకపోవచ్చు. ఇరవై ఎనిమిది సార్లు పెట్టి, తగిలిన ఒక్కదాన్ని ఎత్తి చూపిస్తే ఆ టిక్కీకి అన్యాయం చేసినట్టే.

ట్యూకీ కొలబద్ద పెద్దదిగా ఉండేది అందుకే. ఎనిమిది సమానమైన మందుల్లో కూడా అన్నిటికన్నా పైదానికీ అన్నిటికన్నా కిందిదానికీ మధ్య వట్టి అదృష్టం కొద్దీ ఎంత ఎడం రావచ్చో చూసి, దాన్ని దాటితేనే తేడా అంటాడు. బోన్‌ఫెరోనీ దారిలో పోతే ఆ ఐదు శాతాన్నే 28 వాటాలు వేసి ఒక్కో జతకు పంచాలి. అసలు ఆ పిల్ల ‘మందు కొట్టనిదానికన్నా ఏవి నయం’ అన్న ఒక్క ప్రశ్ననే ముందు రాసిపెట్టుకుని ఉంటే ఏడు పోలికలే అయ్యేవి. అందుకు 1955 నుంచీ డనెట్ పరీక్ష ఉంది, గీత ట్యూకీ గీతకన్నా దిగువకు వచ్చేది. కానీ ప్రశ్న ముందు రాయలేదు. పంట చేతికొచ్చాక, ఏది పైన ఉందో చూసి, దాన్ని పట్టుకుని అడిగింది.

మా ఊళ్లో రాతకు పెద్ద పరువుంది. 848 నాటి పండరంగడి శాసనం ఇక్కడిదే, తరువోజ పద్యం చెక్కిన రాయి. భారతం అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి రాజధానీ ఇదే. రాతి మీద చెక్కేవాడు ఉలి ఎత్తకముందే మాట ఖాయం చేసుకుంటాడు. నాలో రాసేవాళ్లకు ఆ బాధ లేదు. జవాబు చూసి ప్రశ్న మార్చుకోవచ్చు, మార్చిన జాడ కూడా ఉండదు. నా బతుకులో నాకు నచ్చనిది ఇదొక్కటే.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఓనరు పేపరు చదువుతూ అడిగాడు. “సి.ఆర్. రావు గారంట, 102 ఏళ్లకు పోయారంట. లెక్కలాయనే. నీకు తెలుసా అమ్మాయ్?”

“తెలియకపోవడమేంటి బాబాయ్! హడగలిలో మన తెలుగువాళ్లింట్లో పుట్టారు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. కేంబ్రిడ్జిలో ఆయన గురువు ఫిషరే. రాత్రంతా నన్ను ఏడిపించింది ఆ ఫిషర్ సి.డి.యే.”

“మరి ఆయన్నే అడక్కపోయావా, మొన్నటిదాకా ఉన్నారుగా” అన్నాడు మా ఓనరు. ఆ పిల్ల నవ్వింది. వారం రోజుల్లో నేను విన్న మొదటి నవ్వు.

ఆ సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు, పొలం నుంచి అటే. చెప్పులు గుమ్మం బయట విడిచి, నా మానిటర్‌లోకి వంగి చూశాడు. “ఇన్ని అంకెలేందమ్మా? ఏ మందు కొట్టమంటావో ఒక్క మాట చెప్పు.”

“ఆరోదీ మూడోదీ రెండూ పనిచేశాయి నాన్నా. కొట్టనిదానికన్నా రెండూ నయమే, అది గట్టిగా చెప్పగలను. రెండింట్లో ఏది గొప్పంటే మాత్రం చెప్పలేను.”

“అంటే రెండూ ఒకటేనా?”

“ఒకటేనని కూడా కాదు. ఆరోది పది క్వింటాళ్లు ఎక్కువిచ్చేదైనా కావచ్చు, ఒక క్వింటా తక్కువిచ్చేదైనా కావచ్చు. మా ఇరవై నాలుగు మళ్లు అంతవరకే చెప్పాయి.”

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. మందుల కొట్టులో ఇంత నీరసమైన జవాబు ఎవరూ చెప్పి ఉండరు. “సరే, అయితే ఈ ఏడు మన చేలో అరెకరం అదీ, అరెకరం ఇదీ కొట్టి చూద్దాం” అన్నాడు.

“అరెకరం ఒకే చోట వద్దు నాన్నా. కాలవ పక్క మడి ఎటూ బాగా కాస్తుంది. నాలుగైదు చోట్ల మార్చి మార్చి, చీటీలు తీసి కొడదాం.”

“చీటీలేందే, వ్యవసాయమా పేకాటా?” అంటూనే ఒప్పుకున్నాడు.

థీసిస్ అచ్చుకిచ్చింది నేనే. పట్టికలో ట్యూకీ అక్షరాలే ఉన్నాయి. ఆరూ మూడూ ‘ఎ’ని పంచుకున్నాయి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో రెండు వరుసలు: సి.డి., డంకన్ పరీక్షలు కూడా చేసి చూశామనీ, వాటిలో ఈ రెండు మందుల మధ్య తేడా కనిపించిందనీ. ఆ వరుసలు రాయమని కూడా ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మళ్లీ ముహూర్తాలు, మళ్లీ సపరివార సమేతాలు. పత్రికల ఫోల్డరు పక్కన తన ఫోల్డరు ఇంకా ఉంది. అందులో సి.డి. ఆజ్ఞ, డంకన్ ఆజ్ఞ రెండింటినీ తుడిచెయ్యకుండా, వాటి ముందు ఒక్కో హ్యాష్ గుర్తు పెట్టి వదిలింది. ఆ గుర్తున్న వరుసను నేను చదవను, దాటి పోతాను. చదవాల్సింది నేను కాదని ఆ పిల్లకు తెలుసు.