ఎన్నారై అనే బిరుదు

కృష్ణా జిల్లాలో పద్మశ్రీ తర్వాత అంతటి బిరుదు ఎన్నారై. ఈమధ్య పద్మశ్రీ కూడా దాని తర్వాతే. అబ్బాయి పేరుకు ముందు అది తగిలిస్తే చాలు, పెళ్ళిళ్ల పేరయ్య జాతకం అడగడు. వెంచర్ వేసినవాడు గజానికి రూపాయి తగ్గించడు. కాలేజీల్లో దాని పేర సీట్లే ఉన్నాయి. ఫీజు కట్టే స్తోమతుండాలే గానీ, డల్లాస్‌లో మేనత్త తోడికోడలి తమ్ముడొకడు ఎలాగోలా దొరుకుతాడు. పంజాబ్ ప్రభుత్వం ఈ కోటాను దూరపు చుట్టాలకూ చాపబోతే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది మోసమని తేల్చేసింది. ఇక్కడి తోడికోడళ్ళ తమ్ముళ్ళకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

చట్టానికి ఈ హంగులేవీ పట్టవు. భారత పౌరుడై ఉండి విదేశంలో ఉంటే ఎన్నారై, అంతే. ఆదాయపు పన్ను వాళ్ళు ప్రధానంగా 182 రోజుల లెక్క చూస్తారు. జీతం డాలర్లా, దీనార్లా అని అడగరు. అమెరికా పౌరసత్వం పుచ్చుకుని, ఓసీఐ కార్డుతో గన్నవరంలో దిగే బావగారు చట్టం లెక్కన ఎన్నారై కానే కారు, శుద్ధ విదేశీయులు. ఈ మాట ఆయన ముందు అని చూడండి, ఆ ఇంటి పెళ్ళిలో మీ విస్తట్లో రెండో పూర్ణం పడితే ఒట్టు.

ఇక ఆటోనగర్‌కు రండి. లారీ బాడీ కట్టే షెడ్డులో పగలంతా ఆర్క్ వెల్డింగ్ చేసి, రాత్రి కళ్ళు మండుతుంటే బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకుంటూ పని నేర్చిన కుర్రాడు కువైట్ వెళ్తాడు. పదో తరగతి తప్పాడు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది. అంటే వెళ్ళేముందు సర్కారు అనుమతి కావాలి. ఎన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నా ఆ దేశం అతన్ని తన పౌరుణ్ణి చేసుకోదు. అంటే చట్టప్రకారం నిఖార్సైన ఎన్నారై. ప్రవాసులకు 2010 ఎన్నికల చట్ట సవరణ ఇచ్చిన ఓటు కూడా ఇతనిదే, బావగారిది కాదు. కాకపోతే వెయ్యాలంటే టికెట్టు కొనుక్కుని బూత్‌కే రావాలి.

మరి ఇతన్ని మనమేమంటాం? "వాడా, కువైట్‌లో ఉంటాడు లెండి." మన అసలు నిర్వచనం ఆ "లెండి"లో ఉంది.

ఈసారి అతను సెలవుకు వచ్చినప్పుడు వాళ్ళ చెల్లి పెళ్ళి ఫ్లెక్సీ మీద పేరుకు ముందు ఎన్నారై అని పెద్దక్షరాలతో కొట్టించండి. ఎవరైనా నవ్వితే చట్టం చూపించండి.